గొట్టం అడుగున చేరిన జిగురు

ల్యాబ్ కోర్సు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు కొందరు ఆ మధ్య నన్ను చూడడానికి వచ్చినారు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని ఒకమ్మాయి అడిగింది. ఇన్నేళ్ళకు ఒకరు అడిగినారే అని నాకు సంతోషమయింది. కాఫీ కలుపుకొని వచ్చి, కూర్చొని, గొంతు సవరించుకున్నాను. అంతలో ఆ అమ్మాయికి ఇంటినుంచి ఫోను వచ్చింది. ఇంకో రోజు వస్తామని అందరూ లేచినారు. వాళ్ళ తప్పేమీ లేదు. కానీ చెప్పాలని నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోలేదు. అందుకే రాస్తున్నాను. ఆ పిల్లలు చదివితే సరి, లేకుంటే ఇంకెవరైనా చదువుతారు.

తమిళనాడులో మా తెలుగువాళ్ళు చాలామంది ఉండే రాజపాళయంలో నేను పని చేసింది ఒక ప్రైవేటు ఆస్పత్రి. దాని వెనకపక్క, జనరేటర్ షెడ్డును ఆనుకొని ఉండే గది నాది. చెన్నైలో బయోకెమిస్ట్రీ పెద్ద చదువు చదివి, అమ్మకు ఆరోగ్యం బాగలేదని ఊరికి వచ్చినదాన్ని. అమ్మ పోయినాక తిరిగి పోదామనుకుంటే అక్కడ నా చోటు ఇంకొకరికి ఇచ్చేసినారు. పెండ్లి ఊసు అప్పటికే ఇంట్లోవాళ్ళు మరిచిపోయినారు. ఇక్కడే ఉండిపోయినాను.

నా పని మూత్రం చూడడం. చుట్టాల ఇండ్లకు పోతే "ఏం ఉద్యోగం మా చేస్తుండావు?" అని అడిగేవాళ్ళు. మొదట్లో వివరంగా చెప్పేదాన్ని. కిడ్నీలో రాళ్ళు ఎట్ల పుడతాయో, మూత్రంలో ఉండే ప్రోటీన్లు వాటిని ఎట్ల ఆపుతాయో చూస్తున్నాను అని. సగం చెప్పేలోపల వాళ్ళ చెయ్యి ముక్కు దగ్గరికి పోయేది, అక్కడేదో వాసన వస్తున్నట్టు. తర్వాత "ల్యాబులో" అని ఒక మాటతో సరిపెట్టుకున్నాను.

మాది మిల్లుల ఊరు. స్పిన్నింగ్ మిల్లులో గాలి వేడిగా ఉంటుంది, చెమట కారిపోతుంది. నీళ్ళు తాగితే బాత్రూముకు పోవాలి, పోతే సూపర్వైజరు మొహం చిట్లిస్తాడు. అందుకని ఆడవాళ్ళు నీళ్ళే తాగరు. రాళ్ళు రాక ఏమవుతుంది? ఇది అందరికీ తెలిసిన మాట. తెలియని మాట ఇంకొకటి ఉంది. ఒకే షెడ్డులో ఒకే రకంగా చెమటోడ్చే పదిమందిలో ఒకరికే రాయి ఎందుకు వస్తుంది? మిగతావాళ్ళకు ఎందుకు రాదు?

నిజానికి కాల్షియమూ ఆక్సలేటూ కలిసి సన్న పలుకులు కట్టడం చాలామంది మూత్రంలో జరిగేదే. ఆ పలుకులనే క్రిస్టల్స్ అంటారు. అవి చిన్నవిగా విడివిడిగా ఉంటే మూత్రంతో పాటు బయటికి పోతాయి, మనకు తెలియను కూడా తెలియదు. ఒకదానికొకటి అతుక్కొని ముద్దకడితే రాయి. వాటిని అతుక్కోకుండా చూసేవి మూత్రంలోని కొన్ని ప్రోటీన్లు. పోగుకు గంజి పెడితే పక్కపోగును అంటుకోదు కదా, అట్లే ఈ ప్రోటీన్లు పలుకు మీద పూతలాగా పట్టి దాన్ని పెరగనియ్యవు, పక్కదానితో చేరనియ్యవు. కొందరిలో ఆ ప్రోటీను తక్కువ. కొందరిలో ఉండీ సరిగా పని చెయ్యదు. అప్పుడప్పుడు అదే చిక్కుపడి పలుకులను ఒకచోటికి చేర్చేస్తుంది కూడా. నాకు తెలిసిన సంగతి ఇంతే. దీన్ని మా ఊరి మనుషుల్లో చూడాలని నా ఆశ.

ఆశకు అవకాశం ఇచ్చింది మా ఆస్పత్రి కిడ్నీ డాక్టరు. తిరునెల్వేలి పక్కనుంచి వచ్చిన తమిళాయన, మంచి హస్తవాసి ఉన్న సర్జను. వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పే మందు ఒకటే. "తణ్ణి కుడిమ్మా." నీళ్ళు తాగమ్మా అని. రాళ్ళు వచ్చినవాళ్ళ మూత్రమూ రానివాళ్ళ మూత్రమూ పక్కపక్కన పెట్టి చూసుకోమని ఆయనే నాకు అనుమతి ఇప్పించినాడు.

శాంపిల్స్ సేకరించి భద్రం చేసేది మా సీనియర్ టెక్నీషియను. నేను ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని. అంత శుభ్రంగా పని చేసే మనిషిని నేను చూడలేదు. సీసా మీద చుక్క మరక ఉండనియ్యడు. వచ్చిన మూత్రాన్ని అప్పుడే ఫ్రీజర్లో పెడతాడు. నాకు కావలసిన రోజు కరిగించి, సెంట్రిఫ్యూజ్ మిషిన్లో గిర్రున తిప్పి, అడుగున చేరిన మడ్డిని పారేసి, పైన తేరిన నీళ్ళు మాత్రం అద్దంలాగా చేసి ఇస్తాడు. నేను అందులో ఆక్సలేటు చుక్క వేసి, పలుకులు ఎట్ల కడుతున్నాయో మైక్రోస్కోపులో చూసేదాన్ని.

రెండేళ్ళు చూసినాను. రాయి వచ్చిన మనిషిదీ రానిదీ ఒక్కటిగానే ఉండినాయి. తేడా లేదు. ఒకనాడు కాదు, ఒక నెల కాదు, ఎప్పుడు చూసినా అంతే. గదిలో మాట్లాడడానికి మనిషి లేదు. చెన్నైలో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు రిటైరయి కొడుకు దగ్గరికి పోయినాడు. ఫోన్లో అడిగితే "నీ ఊరివాళ్ళు వేరే రకమేమో" అని నవ్వినాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకొని, కిటికీకి అవతల జనరేటర్ను చూస్తూ తినేదాన్ని. కరెంటు పోయినప్పుడు అది మొదలయితే ఆ రొదలో నా మాట నాకే వినపడదు. అయినా ఎవరితో మాట్లాడేది?

చివరికి డాక్టరు గదికి వచ్చి చెప్పినాడు. "ఏమీ రాలేదు కదమ్మా. వచ్చే నెల స్కాన్ మిషిను వస్తుంది. ఈ గది కావాలంటున్నారు." నేను సరి సార్ అన్నాను. 

ఆ నెలలోనే ఆమె మళ్ళీ వచ్చింది.

ఆమె అంటే చోళపురం నుంచి వచ్చే పేషెంటు. గాయాలకు కట్టే బ్యాండేజి గుడ్డ నేసే మిల్లులో పని. నాకంటే చాలా చిన్నది. ఆమెకు ఒక కిడ్నీని రాళ్ళు అప్పటికే పాడుచేసినాయి. దాన్ని మదురైలో తీసేసినారు. మిగిలిన ఒక్కదానిలో నుంచి మా డాక్టరు ఇంతకుముందు ఒకసారి రాయి తీసినాడు. అప్పుడే నాకు పరిచయం. తీసిన రాయిని పరీక్షకు నా దగ్గరికి పంపితే, దాని వెనకే ఆమె కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. "నా లోపల పెరిగింది కదా మేడం, ఎట్ల ఉంటుందో చూస్తాను" అని. ఆ గదికి తనంతట తాను వచ్చిన పేషెంటు ఆమె ఒక్కతే.

ఈసారి ఆ ఒక్క కిడ్నీలోనే ఇంకో రాయి. అది జారి దారికి అడ్డం పడితే మూత్రమే ఆగిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మరుసటి రోజే తీసేయాలని డాక్టరు చెప్పినాడు. ఆమె ఒప్పుకోలేదు.

ఆ గొడవ నాకు కారిడార్లోనే వినపడింది. తోడుగా వాళ్ళక్క వచ్చింది. తళవాయిపురంలో ఇచ్చినారు ఆమెను. ఇద్దరిదీ ఒకే మిల్లు, ఒకే షెడ్డు. చెల్లెలి భర్త కూడా ఉండినాడు, లారీ లోడు దించి అట్లే వచ్చినట్టున్నాడు, చొక్కానిండా దూది.

"ఎన్నిసార్లు చెప్పేది మా? నీళ్ళు తాగు అంటే తాగవు," అని డాక్టరు కేకలేసినాడు. "ఇట్లయితే మేము తీస్తానే ఉండాలి, నువ్వు చేసుకుంటానే ఉండాలి."

"తాగుతున్నాను సార్," అంది ఆమె.

"తాగితే ఎట్ల వస్తుంది?"

భర్త తల దించుకొని, "అంతే సార్, మేము చెప్తే వినదు" అన్నాడు.

 ఆమె చీర కొంగు దోపుకొని నేరుగా నడుచుకుంటూ నా గదికి వచ్చేసింది. స్టూలు మీద కూర్చుంది. వెనకాలే వాళ్ళక్కా నేనూ.

"పాపా, సార్ కోపంలో అన్నాడు. లే, సంతకం పెడదాం రా," అని అక్క బతిమాలింది.

"వద్దు అక్కా. ఎన్నిసార్లు తీసినా నేను మళ్ళీ చేసుకుంటానంట కదా. అయితే తీయడం ఎందుకు? నన్ను ఇంటికి తీసుకొనిపో." తర్వాత నా వైపు తిరిగింది. "మేడం, నేను దొంగతనంగా నీళ్ళు తాగుతాను. మగ్గం వెనక సీసా దాచుకొని తాగుతాను. అక్క చెంబెడు తాగితే నేను రెండు చెంబులు తాగుతాను. అక్కకు లేని రాయి నాకు ఎందుకు? ఇంట్లో అందరూ నేనే చేసుకుంటున్నానంటారు. నాకే అట్ల తోస్తుంది ఇప్పుడు."

 రెండేళ్ళుగా వెతికి దొరకని జవాబు అదే. అయినా ఏదో ఒకటి చెయ్యకుండా ఆమెను పంపడానికి మనసు రాలేదు. "ఇద్దరూ చెరొక సీసా ఇచ్చిపోండి మా, చూస్తాను," అన్నాను. నిజం చెప్పాలంటే ఆమెను ఇంకాసేపు కూర్చోబెట్టడానికే అన్నాను.

ఆ రోజు మా టెక్నీషియన్ అన్న లేడు. చుట్టాల పెండ్లికని కోవిల్‌పట్టి పోయినాడు. సెంట్రిఫ్యూజ్ ఉండే గదికి తాళం. ఫ్రీజర్ కూడా అందులోనే. వేరే దారి లేక, ఇద్దరు ఇచ్చింది ఇచ్చినట్టే, వెచ్చగా ఉండగానే తీసుకున్నాను. నీళ్ళు కలిపి రెండింటినీ ఒకే చిక్కదనానికి తెచ్చి, ఆక్సలేటు చుక్క వేసినాను.

కాసేపయినాక అక్కది మైక్రోస్కోపు కింద పెట్టినాను. సన్న పలుకులు, నలుచదరంగా, కవరు మడిచినట్టు, దేనికది విడిగా. రెండేళ్ళలో ఇంత చక్కగా ఎప్పుడూ చూడలేదు. తర్వాత చెల్లెలిది పెట్టినాను. ముద్దలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, అంచులు కనపడకుండా అతుక్కున్న ముద్దలు.

 మళ్ళీ చేసినాను. మళ్ళీ అంతే.

ఇన్నాళ్ళూ లేని తేడా ఈ రోజు ఎక్కడినుంచి వచ్చింది? మారింది ఒక్కటే. ఫ్రీజర్ లేదు, తిప్పడం లేదు. కింద బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తి, వాళ్ళ ఫ్రీజర్లో అక్క మూత్రం కొంచెం గడ్డకట్టించి, కరిగించి, వాళ్ళ మిషిన్లోనే తిప్పించినాను. గొట్టం పైకెత్తి వెలుతురుకు పట్టి చూస్తే అడుగున కొంచెం జిగురు. మబ్బుగా, పలచగా, చారులో పడిన గంజిలాగా. అదే ప్రోటీను. చలికి గడ్డకట్టి, తిప్పుడుకు అడుగున చేరినది. రెండేళ్ళుగా మేము మడ్డి అని సింకులో పారబోసింది అదే. నేను దేని కోసం వెతుకుతున్నానో దాన్ని తీసిపారేసి, మిగిలిన నీళ్ళలో వెతుకుతుండినాను.

ఆ జిగురును కొంచెం తీసి చెల్లెలి మూత్రంలో కలిపి, మళ్ళీ చుక్క వేసి చూసినాను. ముద్దలు తగ్గినాయి. అన్నీ కాదు, కానీ విడివిడి పలుకులు కనపడినాయి.

ఆ క్షణాన నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది. డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. ప్రొఫెసరు ఫోను ఎత్తలేదు. తల తిప్పితే వాళ్ళిద్దరే ఉండినారు. గోడకు ఆనుకొని చెల్లెలు కూర్చొని ఉంది, అక్క బన్ను తుంచి ఆమెకు తినిపిస్తుండింది.

"రా మా, చూడు," అన్నాను.

ఒక కన్ను మూసుకొని చూడడం ఆమెకు మొదట రాలేదు. వేలితో రెప్ప పట్టుకొని చూసింది. "ఇది ఎవరిది?"

"మీ అక్కది."

గాజుపలక మార్చినాను. చాలాసేపు తల ఎత్తలేదు. "ఇది నాదా?"

"నీదే. మీ ఇద్దరి దాంట్లోనూ పలుకు కట్టే ఉప్పు ఒక్కటే. దాన్ని విడివిడిగా ఉంచే జిగురు ఒకటి ఉంటుంది. అది అక్కకు బాగా పని చేస్తుంది, నీకు చెయ్యడం లేదు. పుట్టుకతోనే అట్ల వచ్చి ఉండొచ్చు. నేను చూసింది ఈ ఒక్క రోజు, మీ ఇద్దరిని మాత్రమే. అంతా తెలిసినట్టు చెప్పను. కానీ ఇది నువ్వు తాగిన నీళ్ళతో వచ్చిన తేడా కాదు. రెండూ ఒకే చిక్కదనంలో పెట్టి చూసినాను."

"అయితే నా తప్పు కాదా?"

"కాదు మా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆయన్ని పిలువు అక్కా," అంది.

భర్త వచ్చినాడు. ఆ పెద్ద మనిషి వంగి, మైక్రోస్కోపుకు కన్ను ఆనించి, ఒకటీ రెండోదీ చూసినాడు. ఏం అర్థమయిందో తెలియదు. నేను అదే మాట మళ్ళీ చెప్పినాను. "అందుకని ఈమెకు మిగతావాళ్ళకంటే ఎక్కువ నీళ్ళు కావాలి. దాచుకొని తాగే నీళ్ళు చాలవు. పోవలసినప్పుడు బాత్రూముకు పోనిచ్చే పని ఉండాలి."

అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాకు తెలియదు మా," అన్నాడు ఆమెతో. నాతో కాదు. "తెలియక అన్నాను."

ఆమె లేచి సంతకం పెట్టడానికి పోయింది.

మరునాడు డాక్టరు రాయి తీసినాడు. కిడ్నీ నిలిచింది. భర్తే మిల్లుకు పోయి మాట్లాడి ఆమెను ప్యాకింగుకు మార్పించినాడు. అక్కడ నీళ్ళ కుండ పక్కనే ఉంటుంది.

ఇంక మా అన్న సంగతి. పెండ్లినుంచి వచ్చినాక ఆ గొట్టం చూపించినాను. ఆయన దాన్ని పట్టుకొని చాలాసేపు తిప్పి తిప్పి చూసినాడు. "నేను శుభ్రంగా చేసినాను మా. అదే తప్పయిపోయిందా?" అన్నాడు. నేను నవ్వబోయి ఆగిపోయినాను. ఆయన కండ్లలో నీళ్ళు. అది ఆయన తప్పు కాదు, నాది కూడా కాదు, ల్యాబులో అందరూ చేసే పద్ధతే అని చెప్పినాను. ఆ తర్వాత ఆయన నా గదికి రావడం తగ్గించినాడు. ఎదురుపడితే పక్కకు తప్పుకొనేవాడు. నా గదికి వచ్చే ఒక్క మనిషి కూడా అట్ల దూరమయినాడు.

డాక్టరుకు చూపించినప్పుడు ఆయన మెచ్చుకున్నాడు. "కానీ ఇద్దరక్కచెల్లెళ్ళతో ఏం రుజువవుతుంది? వందలమందిని చూడాలి," అన్నాడు. న్యాయమైన మాటే. చూద్దాం సార్ అన్నాను. చూసే లోపల ఆయనకు కోయంబత్తూరులో పెద్ద ఆస్పత్రి పిలుపు వచ్చింది. ఆయన పోయినాక రాళ్ళ కేసులు రావడం తగ్గింది. స్కాన్ మిషిను వచ్చింది. నా మైక్రోస్కోపును ముందుపక్క ల్యాబులో షుగర్ పరీక్షల బల్ల మీదికి మార్చినారు. రాసి పంపిన దాన్ని సైన్సు పత్రికవాళ్ళు శాంపిల్స్ చాలవని తిప్పి పంపినారు. గడ్డకట్టిస్తే ఈ ప్రోటీను పోతుందని వేరే దేశాల్లో వాళ్ళు ఎప్పుడో కనిపెట్టినారని తర్వాత చదివినాను. ఒక్కదాన్నే కూర్చొని పని చేస్తే ఇదీ చిక్కు. నీ పక్కన ఒకరు ఉండి "అది పారెయ్యొద్దు" అంటే రెండేళ్ళు మిగులుతాయి. పిల్లలూ, ఎంత చిన్న ల్యాబులోనైనా, పక్కగదిలో ఉండేవాళ్ళ పని ఏమిటో పోయి చూడండి. మీ పని వాళ్ళకు చూపించండి. నాకు అది ఆలస్యంగా తెలిసింది.

రిటైరయి ఇప్పుడు మేడ మీద ఒక పోర్షన్లో ఉంటున్నాను. పోయిన ఎండాకాలం ఆమె వచ్చింది. ఆస్పత్రిలో అడిగి, షేర్ ఆటో పట్టుకొని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తల అక్కడక్కడ నెరిసింది. కిడ్నీ బాగుంది. చేతిసంచిలో నుంచి కవరు చుట్టిన సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నా బిడ్డది మేడం. ఈ నెల మిల్లు ఆఫీసులో పనికి చేరింది. దానికి ఆ జిగురు ఉందా లేదా చూసి చెప్పండి."

నా ఇంట్లో ఏముంది? ఒక గ్యాస్ పొయ్యి, ఒక టీవీ, కొన్ని పుస్తకాలు.

"నా దగ్గర మిషిను లేదు మా."

"ఆస్పత్రికి ఇచ్చి పోయేదా?"

"అక్కడ ఇది చూడరు."

"మరి ఎక్కడ చూస్తారు?"

"మన పక్క ఎవరూ చూడరు మా. రాయి వచ్చినాక చూస్తారు. బిడ్డను నీళ్ళు బాగా తాగమను, తిండిలో ఉప్పు తగ్గించమను. అంతే నేను చెప్పగలిగేది."

ఆమె సీసాను మళ్ళీ కవర్లో చుట్టింది. ముడి వెయ్యకుండా అట్లే ఒళ్ళో పెట్టుకుంది. కిందనుంచి సందులో పోయే బండ్ల చప్పుడు వస్తుండింది.

"అయితే ఆ రోజు మీరు చూసింది, ఇంక ఎవరూ చూడలేదా మేడం? మీరు ఒక్కరేనా?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నువ్వు చూసినావు కదమ్మా," అన్నాను.

 "అవును, చూసినాను," అంది. "అక్కది తెల్లగా, దేనికది విడిగా. నాది ఒకే ముద్ద."

"అదే," అన్నాను. "అదే నేను కనిపెట్టింది."